ఉపవాసం రోజు వెయ్యని చుక్క

నేను ఒక లేజరు యంత్రాన్ని. కత్తి పట్టను, సూది గుచ్చను, నెత్తురు ఎలా ఉంటుందో కూడా ఎరగను. అయినా నన్ను చూడగానే మనుషులు వెనక్కి జంకుతారు. ఏ దేశంలోనో నన్ను బిగించి ఓడెక్కించారు. హైదరాబాదులో ఒక పెద్ద ఆసుపత్రిలో కొన్నాళ్ళు చల్లగా బతికాను. అక్కడికి కొత్త యంత్రం రాగానే నేను పాతదాన్నైపోయాను. రాజమండ్రి కంటి డాక్టరు షాహీన్ గారు నన్ను కొని తెచ్చుకున్నారు. ఇక్కడ దసరాకి నాకు పసుపు, కుంకుమ బొట్లు పెడతారు. అద్దం మీద పెట్టనంత వరకు నాకేం అభ్యంతరం లేదు.

నా పని చిన్నది. కంట్లో ఊరే నీరు బయటికి పోయే జల్లెడ పూడుకుంటే లోపల ఒత్తిడి పెరిగి చూపు నరం నలుగుతుంది. దాన్నే నీటికాసులు అంటారు. నొప్పీ గిప్పీ ఉండదు, చడీచప్పుడు లేకుండా పక్కచూపును తినేస్తుంది. నేను ఆ జల్లెడను వెలుగుతో తడతాను. నీటికి దారి దొరుకుతుంది.

ఒకరోజు ఆత్రేయపురం నుంచి వాసంశెట్టి చక్రవేణి వచ్చింది. పూతరేకులు తీసే మనిషి. ఎడమపక్క కనిపించక వేడి కుండ తగిలి మణికట్టంతా బొబ్బలు. ఏడాదిగా చుక్కల మందు వాడుతున్నా ఒత్తిడి దిగడం లేదు. ఇంకొంచెం నరం పోతే రేకుల మాట అటుంచి, గుమ్మం దాటడమే కష్టం.

"చుక్కలు రోజూ వేసుకుంటున్నారా?" అని డాక్టరమ్మ అడిగారు.

"ఏసుకుంటన్నానండి. సోమారం, శనారం మాత్రం ఎయ్యనండి. ఉపోసం కదండీ! చుక్కేత్తే చేదు గొంతులోకి దిగిపోద్ది. ఉపోసం చెడిపోదాండీ?"

"ఎందుకమ్మా ఇన్ని ఉపవాసాలు?"

"కళ్ళ కోసమేనండి! చూపు నిలబెట్టమని శివయ్యకీ, ఎంకన్నకీ మొక్కుకున్నానండి."

నవ్వాలో ఏడవాలో నాకు తెలియలేదు. డాక్టరమ్మ మాత్రం నవ్వలేదు, కసరలేదు. "రంజాన్ నెలలో మా అమ్మదీ ఇదే తంతు. మీ ఉపవాసాలు మీరు చేసుకోండి. చుక్కల మీదే ఆధారపడక్కర్లేని దారి ఒకటుంది" అని, బుధవారం రమ్మన్నారు.

బుధవారం చక్రవేణి నా పట్టీకి నుదురు ఆనించింది. ఆనించగానే చేతులు జోడించి కళ్ళు మూసేసుకుంది.

"కళ్ళు తెరవాలమ్మా, ఇది గుడి కాదు."

"నుదురానిత్తే ఆటంతటయ్యే మూసుకుపోతన్నాయండి!"

ఆమె భయం చూసి నాకు జాలేసింది. డాక్టరమ్మ కన్ను మొద్దుబార్చి, రెప్ప పడకుండా చిన్న అద్దం కంటికి ఆనించాక, నాకు చేతనైనంత మెత్తగా తట్టాను.

"ఇంతేనాండీ?" అంది చక్రవేణి, కాస్త నిరాశగా.

నెలన్నరకి మళ్ళీ వచ్చింది. డాక్టరమ్మ ఒత్తిడి కొలిచారు. నమ్మకం కుదరక మరోసారి కొలిచారు.

"దిగిందమ్మా. పోయిన చూపు తిరిగి రాదు గానీ, ఉన్నది నిలబడుతుంది. కొన్నేళ్ళకి ఒత్తిడి మళ్ళీ పెరగొచ్చు, చూపించుకోవడం మానకండి."

చక్రవేణి కొంగుతో మొహం కప్పుకుని ఏడ్చింది. తేరుకున్నాక కళ్ళు తుడుచుకుని, "సూశారాండీ, నా ఉపోసాలు ఊరికే పోలేదు!" అంది.

డాక్టరమ్మ నా వైపు ఒకసారి చూసి, "ఎందుకు పోతాయమ్మా!" అన్నారు.

పేరు దేవుళ్ళు పట్టుకుపోయారు. చూపు ఆమెకు మిగిలింది. పంపకం న్యాయంగానే జరిగింది.