తెల్లగోడ మీద చూసిన నీలం

చెల్లెలి చెయ్యి రెండుచోట్ల విరిగిందని డాక్టర్ చెప్పగానే పెయింటర్‌కి ఒళ్ళు మండిపోయింది. పొద్దున్నే తెడ్డు వేసుకుంటూ పోతున్న ఆమె చిన్న పడవను, అంత వెడల్పాటి నదిలో, మంచి వెలుతురులోనే ఒక లాంచీ గుద్దేసింది. పైగా పడవ కనబడలేదన్నాడట ఆ డ్రైవర్. చేసిందంతా చేసి ఇదో మాట!

పెయింటర్ పనిచేసే పడవల కంపెనీ ఓనర్ అప్పటికే ఫిర్యాదు రాయించి పట్టుకొచ్చాడు. అన్నగా ఒక్క సంతకం పడేస్తే చాలు, డ్రైవర్ లైసెన్స్ ఊడుతుందన్నాడు. ముందు వాణ్ణి కడిగేస్తే గానీ కడుపుమంట చల్లారదని పెయింటర్ ఆ కాగితం జేబులో కుక్కుకుని రేవుకి పోయాడు.

"కళ్ళు నెత్తికెక్కాయా నీకు?" అన్నాడు లాంచీ ఎక్కుతూనే.

డ్రైవర్ లాంచీని నది మధ్యకి తీసుకెళ్ళి, ఇంజను ఆపి, తన సీట్లో అతన్ని కూర్చోబెట్టాడు. ఈ వేళకి మీ కంపెనీ పడవే ఒకటి ఎదురొస్తుంది, ఎక్కడుందో చూపించమన్నాడు.

పెయింటర్ కళ్ళు చికిలించి వెతికాడు. ఎండ మొహాన కొడుతోంది. నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు. తెడ్డు చప్పుడు విని తల తిప్పేసరికి పడవ లాంచీ పక్కనే ఉంది.

"ఇంజను మోగుతుంటే ఆ చప్పుడు కూడా వినబడదు," అన్నాడు డ్రైవర్.

పెయింటర్ ఆ నీలం పడవని ఈ చివర నుంచి ఆ చివరిదాకా చూశాడు. ఆ రంగు తను కలిపిందే, చెల్లెలి పడవకి వేసిందీ అదే. కంపెనీ షెడ్డులో పెయింటర్లందరిదీ ఒకటే పద్ధతి, చెక్కముక్క మీద పూసి తెల్లగోడకి ఆనించి చూడటం. గోడ మీద ఆ నీలం ధగధగలాడింది. ఫోటోల్లో అదిరిపోతుందని ఓనర్ మురిసిపోయాడు. చెల్లెలు ఒక్కతే నీలం వద్దు, నారింజ రంగు వెయ్యమని మొత్తుకుంది. నాకు రంగులు నేర్పుతావా అని ఆమె నోరు మూయించింది తనే. ఇన్నేళ్ళలో ఒక్క పడవనైనా నీళ్ళలోకి దించి దూరం నుంచి చూసిన పాపాన పోలేదు. తన మీద తనకే అసహ్యం వేసింది.

షెడ్డుకెళ్ళి, ఉన్న పడవలన్నిటికీ రంగు మార్చాలన్నాడు. ఓనర్ మొహం గంటు పెట్టుకున్నాడు.

"రంగు మాట ఎత్తితే నీ మెడకే చుట్టుకుంటుంది. నోరు మూసుకుని సంతకం పెట్టు."

"చుట్టుకోనీ," అన్నాడు పెయింటర్.

అక్కడే, ఓనర్ కళ్ళముందే, కాగితంలో డ్రైవర్ మీద రాసినదంతా కొట్టేశాడు. కింద తన చేత్తో రాశాడు: నీళ్ళలో కలిసిపోయే రంగు వేసింది నేను, వేయించింది ఓనర్. సంతకం పెట్టి, పోలీసులకిచ్చే ముందు చెల్లెలికి చూపించాలని ఆస్పత్రికి పోయాడు.

ఆమె మంచం మీద పడుకునే కాగితం మొత్తం చదివింది. మెచ్చుకుంటుందని ఏ మూలో ఆశ పడ్డాడు.

"నేను వద్దన్నానని రాయలేదేం అన్నయ్యా? అది కూడా రాయి," అంది.