రెండు భాషల అక్క

ఆ పిల్ల మరుగుదొడ్డి వైపు నుంచి కుంటుకుంటూ పరిగెత్తుకొచ్చింది. నేను తాపీపనివాణ్ణి. ఆ పూట ఆ తరగతిగది గోడకే సిమెంటు పూస్తున్నాను. పిల్ల కాలు చూపించి తన కొండభాషలో ఏదో చెప్పింది. పెద్దసారు కుర్చీలోంచి కదల్లేదు.

"బడి భాషలో చెప్పు."

పిల్ల మళ్లీ అదే చెప్పింది. కొండభాష మాట్లాడితే నోట్లో సుద్దముక్క పెట్టుకుని గంట కొట్టేదాకా నిలబడాలి. అది ఆ బడి రివాజు. ఆ పిల్లనూ అలాగే మూలన నిలబెట్టాడు. మిగతా పిల్లలకు సంగతి తెలుసు. కానీ చెప్పడానికి వాళ్లకున్నదీ ఆ భాషే. కాసేపటికి పిల్ల నోట్లోంచి నురగ వచ్చింది. సుద్ద కరిగిందనుకున్నాడు ఆ మహానుభావుడు. నేను తాపీ పారేసి కాలు చూశాను. పాముకాటు. ఎత్తుకుని ఆసుపత్రికి పరిగెత్తాను. దారిలోనే నా భుజం మీద ప్రాణం పోయింది.

మొన్నమొన్నటిదాకా ఆ బడిలో ఒక అక్క ఉండేది. కొండమీది అమ్మాయే, రెండు భాషలూ వచ్చు. సారు చెప్పిన పాఠాన్ని వెనక కూర్చుని పిల్లల మాటలో చెప్పేది. "ఇది బడా, సంతా?" అని పెద్దసారే ఆమెను తీసేయించాడు. ఆమె ఉండివుంటే బిడ్డ బతికేది. ఈ మాట నేను ఎక్కడైనా చెబుతాను.

బిడ్డను పూడ్చి వచ్చి కొండజనం బడి వాకిట్లో కూర్చున్నారు. మా తాపీ సంఘం వాళ్లమూ వెళ్లాం. వాళ్ల మాటలు మాకు అక్కే చెబుతూ ఉంది.

"అక్కను మళ్లీ పెట్టాలి. అప్పటిదాకా మనం బడిలోనే ఉందాం," అంది బిడ్డ తల్లి.

"బడి భాష రాకపోతే పనులెవడిస్తాడు వదినా?" అన్నాడు వాళ్లలోనే రాళ్లు కొట్టించే మేస్త్రీ. "దెబ్బలు తినైనా నేర్చుకోనీ."

"నేర్పొద్దని నేనన్నానా? అర్థమయ్యేట్టు నేర్పమంటున్నా. నా బిడ్డ చెప్పకుండా చావలేదు. చెప్పి చచ్చింది. వినే దిక్కులేక చచ్చింది."

తెల్లారి అందరికంటే ముందు బడిలో కూర్చున్నది ఆ మేస్త్రీయే.

పిల్లల మధ్య తల్లులూ తండ్రులూ, మేమూ. అక్క పాఠం మొదలుపెట్టింది. పాఠం సగంలో పోలీసులు దిగారు. పసివాళ్లని కూడా చూడకుండా చితకబాదారు. పెద్దవాళ్లందర్నీ లారీలో కుక్కి స్టేషనుకు తోలారు.

"మీ నాయకుడెవడు?" అన్నాడు ఇన్‌స్పెక్టరు.

తల్లి కొండభాషలో జవాబు చెప్పింది. చెంప పగలగొట్టాడు. పక్కామె కొండభాషలోనే చెప్పింది. బడి భాష నీళ్లలా మాట్లాడే మేస్త్రీ కూడా ఆ పూట ఒక్క ముక్క రానట్టు నిలబడ్డాడు. వీపు మీద లాఠీ విరిగినా రాలేదు.

"రెండు భాషలొచ్చినవాళ్లు కావాలి సార్," అన్నాడు హెడ్డు కానిస్టేబులు. "లాకప్పులో ఒకామె ఉంది."

పెదవి చిట్లిన అక్కను బయటికి లాక్కొచ్చారు.

"వీళ్లేమంటున్నారో చెప్పవే."

"చెప్తాను సార్. అదే నా పని. అందులోంచే తీసేశారు. మళ్లీ పెట్టండి, బడిలో చెప్తాను. మీరూ వచ్చి బెంచీ మీద కూర్చోండి."

ఆమె చెయ్యి విరగ్గొట్టి మళ్లీ మా మధ్యకు తోశారు.

అప్పటికి కొండంతా దిగివచ్చి స్టేషను గేటు ఊపుతోంది. అందరిదీ ఒకే అరుపు. ఏమంటున్నారని ఇన్‌స్పెక్టరు హెడ్డును అడిగాడు. తెలియదన్నాడు హెడ్డు.

అక్క విరిగిన చేతిని ఒళ్లో పెట్టుకుని మాకు మాత్రమే వినబడేట్టు చెప్పింది.

"మమ్మల్నీ లోపలెయ్యండి అంటున్నారు."