పాటలెక్కించిన చిప్పు

"నిన్న నీ ఫోన్లో చిప్పు తీసి కనకరాజు సెల్‌ఫోన్ల కొట్లో ఇచ్చేనే. కార్తీకమాసం పాటలన్నీ ఎక్కించేడు," అన్నాడు రామ్‌ప్రసాద్, పెద్ద ఉపకారం చేసినవాడిలా.

పొయ్యి దగ్గరున్న శ్రీకళ చటుక్కున భర్త వైపు తిరిగింది.

రామ్‌ప్రసాద్ రాజోలులో అర్చకుడు. అది 2008. మెమరీ చిప్పు పట్టే ఫోను ఆ ఇంట్లో శ్రీకళకే ఉంది. బడిలో టీచరు కదా, సరదాపడి కొనుక్కుంది. ఆ చిప్పులో ఒక ఫొటో ఉంది. పోయిన నెల రొమ్ము మీద గడ్డ లేస్తే, మగ డాక్టరుకి చూపించడానికి సిగ్గేసి, అద్దం ముందు నిలబడి ఫొటో తీసుకుని కాకినాడలో నర్సుగా ఉన్న చెల్లెలికి పంపించింది. చెల్లెలు చెప్పిన మందు వాడితే గడ్డ అణిగింది. ఫొటో మాత్రం అలాగే ఉండిపోయింది, ముఖంతో సహా.

వంట పొయ్యి మీదే వదిలేసి కొట్టుకి పరుగెత్తింది.

"రండి టీచరు గారూ," అన్నాడు కనకరాజు. మర్యాదస్థుడే. ఆ మర్యాదే ఇవాళ ఆమెను మరీ భయపెట్టింది.

"మా చిప్పులోవి నీ కంప్యూటర్లోకి ఏమైనా వచ్చేయా?"

"ఆయ్, ముందు అన్నీ ఇందులోకి తీసుకునే పాటలెక్కిస్తానండి. చిప్పు పాడైతే మీరే కదండీ నన్ను తిడతారు!"

తెర నిండా ఊళ్ళోవాళ్ళ పేర్లతో ఫోల్డర్లు. అమ్మాజీ, ఇశ్రాయేలు, సత్తియ్య కోడలు. మధ్యలో 'పంతులు గారు'.

"మాది తీసెయ్యి. తెరవకుండా."

ఎందుకని అడగకుండా తీసేశాడు. అడగలేదంటే చూశాడనా?

"ఇంకెక్కడా లేదు కదా?"

"ఇక్కడ లేదండి. మా బావమరిదికి కొత్తపేటలో ఇదే కొట్టు కదండీ, నిన్న సాయంత్రం వచ్చి పాటలకోసమని మొత్తం ఎక్కించుకెళ్ళేడండి."

"మొత్తమా?"

"ఒక్కోటీ ఏరుతూ కూర్చుంటే తెల్లారిపోద్ది కదండీ. మీది తీసెయ్యమని ఫోన్ చేస్తానుండండి."

"వద్దొద్దు!" అని అరిచినంత పని చేసింది. తియ్యమంటే ముందు తెరిచి చూడడూ? చెప్పినా ప్రమాదమే, చెప్పకపోయినా ప్రమాదమే. ఎవరితో మొరపెట్టుకోవాలో తెలియక ఆమెకు ఏడుపొచ్చింది.

ఇంటికి వెళ్దామని ఆటో ఎక్కింది. రోజూ ఆమెను బడి దగ్గర దింపే కృపారావు ఆటోనే. అతని జేబులో ఫోను పాడుతోంది.

"కొత్త పాటలా కృపారావూ?" అంది.

"ఆయ్! పొద్దున్నే కొత్తపేట బేరానికెళ్ళి అక్కడే ఎక్కించుకున్నానండి. చిప్పు నిండా నింపేసేడండి. ఏమేం ఉన్నాయో ఇంకా చూసుకోలేదండి," అంటూ అద్దంలోంచి ఆమెను చూసి నవ్వాడు.

శ్రీకళ కొంగు భుజాల చుట్టూ గట్టిగా లాక్కుంది.

"ఆపు. ఇక్కడే దిగిపోతాను."

"అదేంటండి టీచరు గారూ, ఇల్లింకా రాలేదు కదండీ?" అన్నాడు కృపారావు కంగారుగా.