అలల ఊరికి నాలుగు టికెట్లు

"నీకేముంది, కూర్చుని ఫోన్ నొక్కడమేగా!" అన్నాడు భర్త ఆమెతో, ఇస్త్రీబల్ల మీద కాళ్ళు ఎడంగా పెట్టి నిలబడి. బల్ల కాళ్ళు మడిచేసి, హాల్లో నేలమీద పరిచారు అన్నదమ్ములిద్దరూ. సర్ఫింగ్ ప్రాక్టీసట. మొదట బోర్లా పడుకోవాలట, అల రాగానే ఒక్క ఉదుటున లేచి నిలబడాలట. మరిది బాగానే లేస్తున్నాడు గానీ భర్తకు బొజ్జ అడ్డం వస్తోంది. కూతురు పొట్ట పట్టుకుని నవ్వుతోంది. ఆమె ఇస్త్రీపెట్టె పట్టుకుని, బల్ల ఎప్పుడు ఖాళీ అవుతుందా అని చూస్తోంది. ఇస్త్రీ చేయాల్సినవి వాళ్ళు సముద్రంలోకి వేసుకెళ్ళబోయే నిక్కర్లే. నీళ్ళలో తడిసే నిక్కరుకు ఇస్త్రీ ఎందుకని ఆమె అడగలేదు. అడిగితే పెద్ద వాదన, చేసేస్తే చిన్న పని. ఈ సంగతి ఆమెకు కాపురానికొచ్చిన కొత్తలోనే బోధపడింది.

ఎక్కడో వెచ్చని తీరం. ఏడాది పొడవునా అలలుండే ఊరు. అక్కడికి వెళ్ళాలన్న ఆలోచన భర్తది. ఆలోచనంటే, ఓ ఆదివారం భోంచేస్తూ "ఈసారి సర్ఫింగ్‌కి పోదాం" అన్నాడు, చెయ్యి కడుక్కున్నాడు, అంతే. తక్కిందంతా ఆమె నెత్తిన పడింది. అత్తగారి మోకాళ్ళకు మెట్లు పడవు, కాబట్టి కింది అంతస్తులో గది కావాలి. మరిదికి ఏసీ గాలి పడదు, భర్తకు ఏసీ లేనిదే కునుకు పట్టదు. కూతురికి మలుపుల దారైతే వాంతులు. అలలు ఏ నెలలో నేర్చుకునేవాళ్ళకు అనువుగా ఉంటాయో, ఏ ఒడ్డున రాళ్ళుండవో, ఎవరు ఓపిగ్గా నేర్పుతారో అన్నీ ఆమె తను పనిచేసే పళ్ళాసుపత్రి కౌంటర్ వెనక కూర్చుని తెలుసుకుంది. మత్తు దిగని పేషెంటుకు "కాసేపు వేడివేమీ తినకండి, చెంప కొరుక్కున్నా మీకు తెలీదు" అని చెప్తూనే, బల్ల కింద ఫోన్‌లో గదులు వెతికేది. ఆ వెతుకులాటలో ఒక వీడియో కనబడింది. జుట్టు నెరిసిన ఒకావిడ ఒడ్డుకు చాలా దూరంలో సర్ఫింగ్ బోర్డు మీద వెల్లకిలా పడుకుని ఉంది. అలలొస్తున్నాయి, పోతున్నాయి. ఆవిడ ఏ అలనూ ఎక్కట్లేదు. ఊరికే పడుకుని ఉంది, ఎవరు పిలిచినా వినపడనంత దూరంలో. ఆమె ఆ వీడియో మళ్ళీ మళ్ళీ చూసింది. అలల మీద నిలబడాలని ఆమెకేమీ లేదు. అలా పడుకోవాలని మాత్రం చాలా ఉంది. ఈ మాట ఎవరితోనూ అనలేదు.

అంతా కుదిరాక, ఆమె ఆసుపత్రిలో ఉండగా బస చేసే చోటునుంచి ఫోనొచ్చింది. "నలుగురే కదా మేడమ్? రెండు గదులు సరిపోతాయా? ఇంకో మంచం వేయించమంటారా?"

"నలుగురేనండీ. సరిపోతాయి" అని పెట్టేసి, ఆమె తర్వాతి పేషెంటును లోపలికి పంపింది. తలుపు మూసుకున్నాక ఏదో తేడాగా అనిపించింది. అత్తగారు, భర్త, మరిది, కూతురు. టికెట్లు తెరిచి చూసింది. నాలుగే ఉన్నాయి. ఆమెకు టికెట్ లేదు.

ఎలా జరిగిందో ఆమెకు వెంటనే అర్థమైంది. ఇంట్లో పూటపూటా ఆమె పెట్టేది నాలుగు కంచాలే. అందరూ తిని లేచాక, మిగిలింది గిన్నెలోనే కలుపుకుని, పొయ్యి గట్టు దగ్గర నిలబడి తింటుంది. ఒక కంచం తోమే పని తప్పుతుందని తనే మొదలుపెట్టిన పద్ధతి. అలా చేయమని ఎవరూ అనలేదు. వద్దని కూడా ఎవరూ అనలేదు. ఎంతమంది అని ఫోన్ అడిగితే వేళ్ళు వాటంతట అవే నాలుగు నొక్కేశాయి. ఇప్పుడు ఏడుపొస్తుందేమో అనుకుంది. రాలేదు. కోపమైనా వస్తుందేమో అని చూసింది. అదీ రాలేదు. మత్తుసూది పడ్డ చిగుళ్ళలా ఉంది లోపలంతా. నొప్పి ఎక్కడో ఉండే ఉంటుంది, తనకు తెలియడం లేదంతే. తర్వాతి పేషెంటును పిలిచింది.

సాయంత్రం వడ్డిస్తూ చెప్పింది. "మీ నలుగురికే తీశాను టికెట్లు. నాది మర్చిపోయాను."

భర్తకు నవ్వొచ్చి పొలమారింది. "నిన్ను నువ్వే మర్చిపోయావా! ఇదెక్కడి మనిషిరా బాబూ! రేపు ఆఫీసులో చెప్తే నమ్మరు."

"వదినా, మీకు ఆ డాక్టరుగారి మత్తు బాగా ఎక్కినట్టుంది" అన్నాడు మరిది.

"దానికేం, ఇంకోటి తీసెయ్. అమ్మ గదిలో కింద ఓ పరుపు వేయించుకుంటే సరిపోతుంది" అన్నాడు భర్త.

"తీసెయ్ అమ్మాయ్" అంది అత్తగారు కంగారుగా. "నువ్వు లేకపోతే నా మోకాళ్ళకు పట్టీలెవరు కడతారు? వీళ్ళంతా నీళ్ళలో దిగితే ఒడ్డున నాకెవరు తోడు?"

"నా జడో? ఉప్పునీళ్ళకి అంతా చిక్కు పడుతుంది" అంది కూతురు.

"ఫోన్లూ బట్టలూ చూసుకోడానికైనా ఒకరుండాలి కదా వదినా."

అందరికీ ఆమె కావాలి. అందులో అబద్ధమేమీ లేదు, ఎవరి మాటలోనూ చెడు లేదు. చేతిలో గరిటెతో ఆమె అలాగే కాసేపు నిలబడింది. నువ్వూ నీళ్ళలోకి దిగుతావా అని ఒక్కరైనా అడుగుతారేమో అని. ఈలోగా మాటలు నల్లకళ్ళద్దాల మీదికి మళ్ళాయి. మరిదికి గుండ్రటివి బాగుంటాయా, పలకలవి బాగుంటాయా అని తేల్చేసరికి కంచాలు ఖాళీ అయ్యాయి.

మర్నాడు పొద్దున భర్త బూట్ల తాళ్ళు కట్టుకుంటూ అడిగాడు. "టికెట్ తీశావా?"

"తీశాను."

"మా పక్క సీటేనా?"

"మీతో కాదండీ. మీరు తిరిగొచ్చే రోజు పొద్దున నేను బయల్దేరతాను. డాక్టరుగారిని సెలవు కూడా అడిగేశాను."

భర్త తాడు వదిలేసి తలెత్తాడు. "ఏంటి, అలిగావా?"

"లేదు" అంది. నిజంగానే లేదు. అలగడానికి కావలసిన ఓపిక కూడా ఎక్కడా తగల్లేదు.

"మరి అక్కడ అమ్మనెవరు చూస్తారు?"

"కొడుకులిద్దరూ ఉంటారుగా. పట్టీ ఎలా కట్టాలో ఇవాళ సాయంత్రం చూపిస్తాను, కష్టమేం కాదు."

"ఒక్కదానివే అంతదూరం వెళ్ళి ఏం చేస్తావే?"

"ఏమీ చేయను" అంది ఆమె. ఆ మాట అనడం ఇంత తేలికని ఆమెకే తెలియదు. "తాళం పక్కింట్లో ఇచ్చి వెళ్తాను. బట్టల్లో ఇసుకుంటుంది, బయటే దులిపి మెషిన్‌లో వేయండి. లేకపోతే పాడైపోతుంది."

సోఫాలోంచి అత్తగారు ఇదంతా వింటోంది. కొడుకు ముఖం, కోడలి ముఖం మార్చి మార్చి చూసి, చివరికి ఆవిడే నోరు తెరిచింది. "అయితే మేం వచ్చేసరికి ఇంట్లో ఎవరూ ఉండరన్నమాట!"

"మీరుంటారుగా, అత్తయ్యా" అంది ఆమె.