రెండు మోకాళ్ళ మీదా

షేవింగ్ నురగ డబ్బా అడుగున తుప్పు పట్టి, స్నానాల తొట్టి అంచు మీద గుండ్రటి మరక వదిలింది. హేజెల్ మోకాళ్ళ మీద కూర్చుని దాన్ని తోముతోంది. ఇరవై తొమ్మిదేళ్ళుగా ఆ మరక అదే చోట తయారవుతుంది, ఆమె దాన్ని తుడిచేస్తుంది. డబ్బాని పక్కనున్న అరలో పెట్టమని మొగుడు డెరిక్‌కి ఎన్నిసార్లు చెప్పిందో ఆ దేవుడికే తెలియాలి. కానీ ఈ శుక్రవారం ఆమె చెయ్యి మధ్యలో ఆగిపోయింది. మరక బయటి అంచు ముదురు గోధుమరంగు. లోపలికి వచ్చేకొద్దీ నారింజ, ఇంకా లోపల పాలిపోయిన పసుపు. నీళ్ళు ఎక్కువసేపు నిలిచిన చోట చిక్కగా, జారిపోయిన చోట పల్చగా ఉంది. సగం తోమిన మరకని అలాగే వదిలేసి, చేతులు కూడా తుడుచుకోకుండా లేచింది. చీలమండ దగ్గర అచ్చం ఇలాగే రావాలి.

చీలమండ అంటే, కింద వంటింటి బల్ల మీద నిలబడి ఉన్న రోబోది. జానెడు ఎత్తుంటుంది. ఆదివారాలు నాటింగ్‌హామ్‌లోని క్లబ్బులో డెరిక్, అతని ఈడు మగవాళ్ళు పెద్ద బల్ల మీద అట్టలతో కూలిన ఊరొకటి పరిచి, పాచికలు వేసుకుంటూ, టేపుతో అడుగులు కొలుచుకుంటూ ఇలాంటి రోబోలతో యుద్ధాలు చేస్తారు. ఆ ఊళ్ళో లెక్క ప్రకారం ఇది నాలుగంతస్తుల యంత్రం. దాని పాదాల దగ్గర నిలబడే సైనికులు బొటనవేలి కణుపంత ఉంటారు. డెరిక్ దానికి ఐరన్ ప్రిన్స్ అని పేరు పెట్టాడు. ఇనప రాకుమారుడు. హేజెల్ మనసులో మాత్రం అది మొదటి రోజు నుంచీ ఆడదే. ఎందుకంటే ఏం చెబుతుంది, చూస్తే తెలిసిపోయింది.

ఈ పని ఆమె నెత్తిన పడి నాలుగేళ్ళయింది. డెరిక్‌కి చూపు ఆనడం తగ్గాక, ఒకరోజు కుంచె ఆమె చేతికిచ్చి అన్నాడు. "అసలు రంగులు నేనేస్తాలే హేజ్. తుప్పూ మసీ నువ్వు చూసుకో. మురికే కదా." మురికే కదా. ఆ మాట విని ఆమె నవ్వింది కూడా. ఈత కొలనులో శుభ్రం చేసే ఉద్యోగం తనది, ఇంటికొస్తే ఇల్లు, ఇక బొమ్మల మురికి ఒక్కటే తక్కువైందనుకుంది. ఆ సాయంత్రం గోధుమరంగు నూనె రంగు చుక్క ఒకటి అతని పాత రోబో ఒకదాని భుజం మీది బోల్టు కింద పెట్టి, టర్పెంటైన్‌లో తడిపిన కుంచెతో ఒక్కసారి కిందికి లాగింది. కొలనులో ఆడవాళ్ళ గదిలో మూడో షవర్ కింద, పదకొండేళ్ళుగా తను తోముతున్న చారలాగే లాగింది. అంతే. అరచేతిలో తేలిపోయే ప్లాస్టిక్ ముక్కకి ఉన్నట్టుండి టన్నుల బరువొచ్చింది. ఎన్ని వానలు దాని మీద కురిసి ఉంటాయో, ఎన్ని చలికాలాలు అది బయట నిలబడి ఉంటుందో అంతా ఆ ఒక్క చారలో కనబడింది. పొయ్యి మీద బంగాళదుంపలు మాడి, డెరిక్ వచ్చి "ఏంటీ కంపు" అనేదాకా హేజెల్ కదల్లేదు.

ఆలోచిస్తే విచిత్రమే. కొలనులో ఆమె మీద అధికారి సైమన్ అనే కుర్రాడు. ఆమె కొడుకంత ఉంటాడు. చేరిన వారంలోనే నవ్వుతూ చెప్పాడు. "ఎవరూ గమనించలేదంటే నువ్వు పని బాగా చేసినట్టు, హేజెల్." అత్తగారు ఎడ్నా బతికున్నన్నాళ్ళూ అన్నదీ అదే, కాకపోతే నవ్వకుండా. "నేను చేసినన్నాళ్ళూ ఈ ఇల్లు దానంతటదే శుభ్రంగా ఉన్నట్టుండేది అమ్మాయ్. నువ్వు చేస్తుంటే చేస్తున్నట్టు తెలుస్తోంది." ఇంటిపని సంగతే అంత, చేస్తే కనబడదు, మానేస్తే ఊరంతా కనబడుతుంది. యాభై ఆరేళ్ళ జీవితంలో తను చేసిన పనంతా మాయం చేసే పని. పొద్దున్న కడిగింది సాయంత్రానికి మళ్ళీ అలాగే ఉంటుంది, ఇక్కడ ఒక మనిషి ఒళ్ళు వంచిందన్న గుర్తు ఒక్కటీ మిగలదు. బొమ్మ మీద వేసిన తుప్పు అలా కాదు. మర్నాడు లేచి వచ్చేసరికి అక్కడే ఉంది. తను చేసింది తనకోసం ఆగి ఉండడం ఆమెకి అదే మొదలు. కప్పులో టీ చల్లారిపోయేదాకా దాన్ని చూస్తూ ఉండిపోయింది.

రెండేళ్ళు తిరిగేసరికి అసలు రంగులు కూడా ఆమే వేస్తోంది. ఈ రాకుమారుడి మీద డెరిక్ కుంచె తాకనే లేదు. ఏడు నెలలు పట్టింది. గిన్నెలు తోమే పచ్చ పీచు చింపి, దాన్ని రంగులో ముంచి అద్దుతూ పెచ్చులు లేచిన అంచులు తెచ్చింది. ఇంటి గుమ్మం ముందు ఊడ్చిన మట్టిని జల్లించి పాదాలకి పట్టించింది. ఈ ఆదివారం పెద్ద ప్రదర్శన ఉంది. ఎక్కడెక్కడి వాళ్ళో వస్తారు. సొంత చేత్తో వేసినవే పోటీకి పెట్టాలన్నది అక్కడి నియమం. డెరిక్ బేకన్ రొట్టె తింటూ పోటీ కార్డు నింపుతుంటే ఆమె భుజం మీంచి చూసింది. పేరు: ఐరన్ ప్రిన్స్. చిత్రించినవారు: డెరిక్ పాక్‌మన్.

"నా పేరు?" అంది.

"ఇద్దరి పేర్లు పెడితే బాగోదు హేజ్. క్లబ్బులో నవ్వుతారు." కార్డు మీద పడ్డ ముక్కలు దులుపుకున్నాడు. "అయినా దాన్ని కొన్నది నేను, అతికించింది నేను, యుద్ధంలో నడిపేది నేను. నువ్వు సాయం చేశావని అడిగినవాళ్ళకి చెబుతాగా."

సొమ్మొకడిది సోకొకడిది అని ఊరికే అనలేదు. హేజెల్ మింగలేక కక్కలేక కెటిల్ పెట్టడానికి లేచింది. పేరు కోసం కొట్లాడితే చిన్నబుద్ధి అంటారేమో. కొట్లాడకపోతే ఏడు నెలలు మళ్ళీ మాయం.

శనివారం మధ్యాహ్నం పని నుంచి వచ్చేసరికి డెరిక్ వెనక షెడ్డు గుమ్మంలో కొయ్యబారి నిలబడి ఉన్నాడు. బయట సన్నటి తుంపర. అతని చేతిలో వార్నిష్ స్ప్రే డబ్బా ఉంది. చివరి పూత తన చేత్తో వేస్తే కార్డు మీద రాసిన మాట కొంతైనా నిజమవుతుందనుకున్నాడో ఏమో, వానపూట డబ్బా నొక్కాడు. తడి గాలిలో వార్నిష్ కొడితే బూజు పట్టినట్టు తెల్లబోతుందని ఈ బొమ్మలు పట్టిన ప్రతివాడికీ తెలుసు. డెరిక్‌కీ తెలుసు. పొద్దున్న వెళ్ళేముందు ఆమె చెప్పి మరీ వెళ్ళింది. రోబో తలనుంచి పాదాల దాకా పాలిపోయిన తెలుపు కింద మూసుకుపోయింది. తుప్పు లేదు, చారలు లేవు.

"వాన పడుతుందని నువ్వు గట్టిగా చెప్పలేదు," అన్నాడు డెరిక్.

చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టు ఇప్పుడు ఈ మాట. హేజెల్ కోటు కూడా విప్పకుండా బొమ్మని వంటింట్లోకి తెచ్చి, పొయ్యి పక్కన వెచ్చగా పెట్టి, మెరిసే వార్నిష్ పల్చగా చేసి, మెత్తటి కుంచెతో నుదుటి మీద ఒక్క గీత గీసింది. ఆ గీత మేరకు తెలుపు కరిగిపోయింది. ఆవిరి పట్టిన అద్దాన్ని చేత్తో తుడిస్తే మొహం కనబడినట్టు, కింద తన తుప్పు తనకి కనబడింది. భుజం వచ్చింది. మోచేయి వచ్చింది. బోల్టు బోల్టుకీ తను లాగిన చార, ఒక్కటి కూడా పోలేదు. ఇన్ని నెలలుగా ముక్కముక్కగా చూసినదాన్ని ఇప్పుడు మొత్తంగా ఎవరో తెర తీసి చూపిస్తున్నట్టుంది. చివరికి మోకాళ్ళు వచ్చాయి. రంగు పోయి, ఉక్కు బయటపడి, నున్నగా మెరుస్తున్న మోకాళ్ళు. ఇదంతా నేను చేశానా అనుకుంది. ఆమెకి భయం లాంటిది వేసింది, చర్చిలో పైకప్పు వైపు తలెత్తి చూసినప్పుడు వేసేలాంటిది.

మెరుపు చంపే పూత కూడా వేసి పక్కన పెట్టాక, వెనకనుంచి డెరిక్ ఊపిరి వదిలాడు. "గట్టెక్కాం."

ఇద్దరూ కలిసి చేసినట్టు అన్న ఆ 'ఎక్కాం' ఆమె చెవిలో రాత్రి భోజనం దాకా ఉండిపోయింది.

ప్రదర్శన హాలు నిండా మగవాళ్ళే. పుదీనా సాస్ పోసిన బఠాణీల వాసన, ఐదారు వందల గొంతులు. తీర్పు చెప్పడానికొచ్చినాయన పేరు రెజ్. డెబ్భై దాటాయి. రైలు కార్ఖానాలో నలభై ఏళ్ళు వ్యాగన్లకి రంగులేసి రిటైరయ్యాడట. చిన్న టార్చి పట్టుకుని ఒక్కో బొమ్మ దగ్గర అర నిమిషం ఆగుతూ వస్తున్నాడు. రాకుమారుడి దగ్గర ఆగాడు. అర నిమిషం దాటింది. వంగాడు. కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. పక్కనున్న వాళ్ళు మాటలు ఆపేశారు.

"ఈ మోకాళ్ళకేమయింది?" అన్నాడు.

"ఫిరంగి దెబ్బలు," అన్నాడు డెరిక్ ఛాతీ విరుచుకుని.

"దెబ్బ తగిలితే రేకు లోపలికి సొట్టపోతుంది. రంగు పెచ్చులుగా లేస్తుంది. ఇది దెబ్బ కాదు నాయనా, అరుగుదల. ఏళ్ళ తరబడి రోజూ నేలకి ఆనితే తప్ప ఇలా అరగదు." రెజ్ టార్చి మోకాళ్ళ మీదే నిలిపాడు. "నీ రాకుమారుడు దేనికి మోకరిల్లుతాడు?"

"గురి చూడ్డానికి," అన్నాడు డెరిక్.

"రెండు మోకాళ్ళ మీదా?"

ఎవరో కిసుక్కుమన్నారు. డెరిక్ మెడ ఎర్రబడింది. హేజెల్ అతని వెనక కోట్లు పట్టుకుని నిలబడి ఉంది. నోరు విప్పితే ఏమవుతుందో ఆమెకి తెలుసు. కార్డు అబద్ధమని తేలుతుంది, పోటీ పోతుంది, క్లబ్బులో డెరిక్ తల ఎత్తుకోలేడు, ఇంటికెళ్ళాక వారం రోజులు మొహం మాడ్చుకుని తిరుగుతాడు. విప్పకపోతే రెండు మోకాళ్ళూ గురి చూడ్డానికే అయిపోతాయి.

"కడగడానికి," అంది.

అందరూ తిరిగి చూశారు.

"యుద్ధం అయిపోయాక అక్కడంతా ఎవరో ఒకరు శుభ్రం చెయ్యాలి కదండీ. ఈవిడ వచ్చి చేస్తుంది." తన గొంతు తనకే కొత్తగా ఉంది. "ఎడమ చేత్తో ఊతం పట్టుకుని, బరువంతా కుడి మోకాలి మీద వేసి కుడిచేత్తో తోముతుంది. అందుకే ఆ మోకాలు ఎక్కువ అరిగింది. కుడి మోచేతి దాకా తుప్పు ఎక్కింది చూడండి, అది ఎప్పుడూ తడిగా ఉండే చెయ్యి. ఆ చేతి వేళ్ళు పూర్తిగా విచ్చుకోవు ఇప్పుడు. చీలమండ చుట్టూ గుండ్రంగా ఉన్నది, నీళ్ళల్లో నిలబడి నిలబడి."

రెజ్ టార్చి కుడిచేతి మీదికి తిప్పాడు. తర్వాత, హేజెల్ కోట్లు పట్టుకున్న కుడిచెయ్యి వైపు చూశాడు. "నలభై ఏళ్ళు తుప్పు చూశాను తల్లీ," అన్నాడు మెల్లగా. "అది ఎవరి మీద నుంచి వచ్చిందో ఇప్పుడు చూస్తున్నాను. ఎవరి చెయ్యి ఇది?"

"మా ఆవిడ కాస్త సాయం..." డెరిక్ మొదలుపెట్టాడు.

"నాది. తల నుంచి పాదాల దాకా నాదే."

రెజ్ కార్డు చూశాడు. "కార్డు మీద పేరొకటి, చెయ్యి ఒకటి అయితే పోటీలో ఉంచలేనమ్మా."

"తీసెయ్యండి."

ఆయన కార్డు తీసి డెరిక్ చేతిలో పెట్టాడు. బొమ్మని మాత్రం తియ్యలేదు. "పోటీకి కాదులే. సాయంత్రం దాకా ఇక్కడే ఉంచుతావా? నేను ఇంకోసారి చూసుకోవాలి." రెండు చేతులతో పట్టుకుని, పసిబిడ్డని ఎత్తినంత జాగ్రత్తగా ఎత్తి, బల్ల చివర ఖాళీ చోట నిలబెట్టాడు. మొదట ఒకరు వచ్చారు, తర్వాత నలుగురు. కాసేపటికి అక్కడ వరస కట్టారు. ఒక్కొక్కరూ వచ్చి వంగుతున్నారు, మాటలు తగ్గించి వెళుతున్నారు. హేజెల్ కూడా తన వంతు వచ్చేదాకా వరసలో నిలబడి, గడ్డం బల్లకి ఆనించి, బొటనవేలి కణుపంత సైనికుడికి కనబడేట్టు కిందనుంచి చూసింది. నాలుగంతస్తుల ఆడది. ఆకాశం సగం ఆవిడే ఉంది.

కారులో ఇంటికి వెళుతూ, ట్రెంట్ నది వంతెన దాటాక డెరిక్ గొంతు సవరించుకున్నాడు. "మిగతా పదకొండు రోబోలూ ఇంకా రంగు పడకుండా ఉన్నాయి. వాటి సంగతేంటి?"

"వాటి మీద నీ పేరు ఉండాలంటే నువ్వే వెయ్యి."

ఇంకో రెండు వీధులు గడిచాయి. "నాకు రాదు హేజ్," అన్నాడు. ఆ మాట అతని నోట ఆమె ఎప్పుడూ వినలేదు. "నేర్పుతావా?"

హేజెల్ ఒళ్ళో పెట్టుకున్న పెట్టె మూత తీసి ఒకసారి చూసుకుంది. ఆవిడ లోపల దూది మధ్య వెల్లకిలా పడుకుని ఉంది, అరిగిన మోకాళ్ళు పైకి కనబడుతున్నాయి.

"నేర్పుతాను. స్నానాల తొట్టి అంచున ఒక మరక సగం తోమి వదిలేశాను. రేపు మిగతా సగం నువ్వు తోము, రెండు మోకాళ్ళ మీదా కూర్చుని. తర్వాత సింకు, ఆ తర్వాత మెట్లు. మురికి ఎక్కడెక్కడ చేరుతుందో నీ చేతికి తెలిసిన రోజున కుంచె ఇస్తాను."