పాతిపెట్టని గొలుసు

టామరాక్ కాలేజీ లైబ్రరీలో పదకొండు వేల పుస్తకాలున్నాయి. వాటన్నిటినీ చదివినవాడు ఈ భూమ్మీద ఒక్కడే, అది నేనే. ప్రొఫెసర్లు ఒప్పుకోరు. ఒప్పుకోకపోతే నాకు పోయేదేమీ లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు ఆ భవనం తాళంచెవుల గుత్తి వేలాడింది నా నడుముకే గాని వాళ్ళ నడుముకు కాదు.

అదో చిత్రమైన కాలేజీ. నలభై వేలమంది చదివే సర్కారు యూనివర్సిటీ నడిబొడ్డున, మూడువందల మందితో, ఒకే ఒక్క ఎర్ర ఇటుకల భవనంలో ఉండేది. ఒకపక్క పశువైద్యం, ఒకపక్క ఇంజనీరింగు, మధ్యన లిబరల్ ఆర్ట్స్ అంటూ మేము. పిల్లలు పై అంతస్తుల్లో పడుకుని కింది అంతస్తులో పాఠాలు వినేవారు. మార్కులు లేవు, ర్యాంకులు లేవు. ఉన్నదల్లా ఒక గుండ్రటి బల్ల. రెండో ఏడు చివర ప్రతి విద్యార్థీ ఆ బల్ల ముందు గంటసేపు కూర్చోవాలి. ముగ్గురు ప్రశ్నలు వేస్తారు. ముగ్గురిలో ఒకరు కాలేజీకి బయటివారై ఉండాలి. బల్ల దాటితే ఉంటావు, దాటకపోతే పెట్టె సర్దుకుంటావు.

డార్లా హ్యూబ్నర్‌కు ఆ బల్ల పేరు చెబితే హడలు. పాడి పశువుల ఊరి నుంచి వచ్చిన పంతొమ్మిదేళ్ళ పిల్ల. ఆమె తల్లి పదహారేళ్ళుగా చీజ్ ఫ్యాక్టరీలో ఒకే చోట నిలబడి చీజ్ దిమ్మలకు కాగితం చుడుతోంది. తల్లి పక్కన ఒక మనిషికి చోటుందని అక్కడి మేస్త్రీ ప్రతి సెలవుల్లోనూ డార్లాకు గుర్తుచేసేవాడు. బల్ల దగ్గర తప్పితే కాలేజీ ఇచ్చే డబ్బు సాయం ఆగుతుంది. సాయం ఆగితే ఆ చోటే గతి.

ఇంతకీ ఆ పిల్ల చేసిన తప్పు ఫిబ్రవరి నాటిది.

ప్రొఫెసర్ పెల్టియర్ గారి సాహిత్యం తరగతిలో ఏడువందల పేజీల పాత పుస్తకం ఒకటి చదువుతున్నారు. ఒక సర్వేయరు కంచరగాడిదను తోలుకుంటూ, ఇనుప గొలుసుతో బురద నేలల్లో రెండు రాష్ట్రాల సరిహద్దు కొలిచిన కథ. డార్లా నాలుగువందల పేజీల దాకా చదివింది. తరవాత జ్వరమొచ్చిందని ఆమె అనేది. జ్వరమో బద్ధకమో మనకెందుకు, మిగతాది చదవలేదు. అయితే ఆ తరగతిలో నోరు మూసుకు కూర్చోనివ్వరు. గంట అయ్యేలోపు అందరూ మాట్లాడి తీరాలి. అదీ ఎలా? ముందు మాట్లాడినవాళ్ళు అన్నది మొదట తన మాటల్లో చెప్పి, దానిమీద తనది కలపాలి. ఒకరి మాట ఒకరు శ్రద్ధగా వినాలని పెట్టుకున్న ఆచారం.

"డార్లా, నువ్వింకా ఏమీ అనలేదు," అన్నాడు పెల్టియర్.

"చివర్లో ఆయన ఆ గొలుసును పాతిపెడతాడు కదండీ," అనేసింది డార్లా. "అక్కడ నాకు, మనిషిని పాతిపెడుతున్నట్టు అనిపించింది."

నోరు దాటిన మాట వెనక్కి రాదు. ఇప్పుడు నవ్వుతారు, ఇప్పుడు నవ్వుతారు అనుకుంటూ గోళ్ళు అరచేతుల్లో గుచ్చుకుంది. పక్కనున్న కార్లీన్ ముల్డర్ అందుకుంది. కార్లీన్, డార్లా ఒకే గదిలో ఉండేవారు.

"గొలుసును మనిషిలా పాతిపెట్టాడని డార్లా అంది. నిజమే. నాకైతే ఆ వాన గుర్తుండిపోయింది."

"వానలో పాతిపెట్టాడని కార్లీన్ అంది," అన్నాడు ఆ పక్క కుర్రాడు. "ఆ వానలో గాడిద కదలకుండా నిలబడటం ఉంది చూశారూ..."

పన్నెండు మంది మాట్లాడేసరికి గుంట లోతు నాలుగడుగులయింది, సర్వేయరు టోపీ తీశాడు, ప్రార్థన కూడా అయింది. పెల్టియర్ కళ్ళద్దాలు తుడుచుకుని, "నేనూ ఏళ్ళ తరబడి ఆ ఘట్టం గురించే ఆలోచిస్తున్నాను," అన్నాడు. అందరూ శ్రోత్రియులే, బుట్టలో రొయ్యలు మాయం. డార్లా మాత్రం, తాను గాలిలోకి విసిరిన రాయి నిజంగానే పండుకు తగిలిందనుకుని హాయిగా నిద్రపోయింది.

ఏప్రిల్లో ఆమె ఉత్తరాల గూట్లోకి చీటీ వచ్చింది. బల్ల గురువారం మూడు గంటలకు. బయటి సభ్యురాలు రసాయన శాస్త్రం డాక్టర్ ఇల్సా రైమర్. కింద పెన్సిలుతో చిన్న అక్షరాలు: "మీ గురించి ప్రొఫెసర్ పెల్టియర్ రాసిన నివేదిక చదివాను. గొలుసు పాతిపెట్టే ఘట్టం నాకు కనబడలేదు. పుస్తకం తెచ్చి పేజీ చూపించండి."

డార్లా మెట్లమీదే కూలబడింది. కిందటేడు ఇద్దరిని ఇంటికి పంపిన రైమర్ ఈ రైమరే. పైకి పరిగెత్తి పుస్తకం తీసింది. రెండు రోజులు తరగతులకు పోలేదు. రొట్టెముక్క నములుతూ మిగిలిన మూడువందల పేజీలూ వేలితో గీటు గీస్తున్నట్టు చదివింది. వాన లేదు, గుంట లేదు. ఆఖరి పేజీలో సర్వేయరు ఇల్లు చేరి గొలుసును వంటింటి గోడకు మేకు కొట్టి తగిలిస్తాడు. ఆయన పెళ్ళాం దానిమీద తుండుగుడ్డ ఆరేస్తుంది. అంతటితో పుస్తకం అయిపోయింది.

"కార్లీన్, పాతిపెట్టడం లేదే అందులో."

"ఉందిగా. వాన పడుతుంటే."

"నువ్వు చదివావా?"

"చదివినట్టే," అంది కార్లీన్. దిండు సర్దుకుంటూ, "నువ్వు చదివావనుకున్నా. చివరిదాకా చదివేది నువ్వొక్కదానివే అని అందరం అనుకునేవాళ్ళం," అంది.

డార్లాకు నవ్వు రాబోయి ఏడుపొచ్చింది.

"ఏడవకే. నే చెప్పేది విను. నిజంగా పాతిపెట్టడం కాదు, మనసులో పాతిపెట్టడం అని చెప్పు. ఈ భవనంలో ఆ మాటంటే ఎవరూ కాదనరు. నేను రెండేళ్ళుగా దాంతోనే నెట్టుకొస్తున్నా."

"ఆవిడ ఈ భవనం మనిషి కాదుగా."

మంగళవారం నాలుగు గంటలకు డార్లా మంచు బురద తొక్కుకుంటూ రసాయన శాస్త్రం భవనానికి వెళ్ళింది, ముందే చెప్పేద్దామని. మూడో అంతస్తులో రైమర్ తలుపు వేసి ఉంది. లోపల దీపం వెలుగుతోంది, కాగితాలు తిప్పుతున్న చప్పుడు. తట్టబోయి చెయ్యెత్తింది. ఎత్తిన చెయ్యి అలాగే ఉండిపోయింది. చెబితే ఇవాళే పెట్టె సర్దుకోమంటుందేమో. చెప్పకపోతే ఇంకా రెండు రోజులుంది. చీజ్ దిమ్మల పాల కంపు ఎక్కడినుంచో ముక్కుకు తగిలినట్టయింది. చెయ్యి దించుకుని, బూట్లు చప్పుడు కాకుండా వెనక్కి నడిచింది.

గురువారం నేను బల్ల గది పక్కనున్న సామాన్ల గదిలో ఉన్నాను. రెండు గదులకీ వేడిగాలి గొట్టం ఒకటే. గొట్టం మూతికున్న జాలీకి చెవి ఆనిస్తే బల్లమీద పెన్ను పెట్టినా వినబడుతుంది, కన్ను ఆనిస్తే బల్ల చుట్టూ ఉన్నవాళ్ళూ కనబడతారు. నేను ఆనించానని కాదు, చెవి అక్కడే ఉంది.

డీన్ గారు మధ్యన, పెల్టియర్ కుడివైపు, రైమర్ ఎడమవైపు. రైమర్ ముందు పుస్తకం ఉంది. ప్రతి యాభై పేజీలకొక కాగితపు ముక్క పెట్టి ఉంది. పాపం, ఈ కాలేజీవాళ్ళ ముందు తెలివితక్కువగా కనబడతానేమోనని ఆవిడ రెండుసార్లు చదువుకొచ్చిందట.

"పేజీ," అంది రైమర్.

డార్లా తన పుస్తకం తెరిచి మళ్ళీ మూసింది. "అంటే... నిజంగా పాతిపెట్టడం కాదండీ. లోలోపల..."

"అదీ!" అన్నాడు పెల్టియర్, మునిగేవాడికి కట్టె దొరికినట్టు. "లోలోపలి సమాధి. నేనూ అదే అర్థంలో..."

"మీ నివేదికలో గుంట నాలుగడుగుల లోతని ఉంది," అంది రైమర్ అటు తిరక్కుండానే. "లోలోపల నాలుగడుగులు ఎలా కొలిచారు?"

డార్లా పుస్తకాన్ని రైమర్ వైపు నెట్టింది.

"లేదండీ. అలాంటిది లేదు. నేను కల్పించాను. అప్పటికి చదవలేదు. ఇప్పుడు చదివాను. గొలుసు గోడకుంది."

"నేను అడిగాక చెప్పావు."

"ముందే చెబుదామని వచ్చాను. మీ తలుపు దగ్గర నిలబడ్డాను. తట్టలేకపోయాను."

"మంగళవారం, నాలుగింటికి," అంది రైమర్. "తలుపు కింద నీడ చూశాను. ఎవరో తడతారని పెన్ను కింద పెట్టి ఎదురుచూశాను."

ఆ తరవాత ఆవిడ పెల్టియర్ వైపు తిరిగింది. "మీరు ఎంతదాకా చదివారు?"

గుమ్మడికాయల దొంగంటే భుజాలు తడుముకున్నట్టు ఆయన కళ్ళద్దాలు తడుముకున్నాడు. "పదకొండేళ్ళ కిందట... మూడువందల పేజీల దాకా."

"అమ్మాయి మిమ్మల్ని నాలుగువందల పేజీలతో దాటింది," అంది రైమర్.

డీన్ గారు పెన్నుకు మూత పెట్టారు. తరవాత, ఇవాళ్టి బల్ల లెక్కలోకి రాదనీ, వచ్చే శుక్రవారం మళ్ళీ కూర్చోవాలనీ, ఈలోగా ఆ పన్నెండు మందీ, వాళ్ళతోపాటు ప్రొఫెసరూ, రోజూ సాయంత్రం ఆ పుస్తకాన్ని పైకి చదవాలనీ చెప్పారు. డార్లా తన పుస్తకం వెనక్కి తీసుకుని లేచింది. ఉంచుకున్నారో, ఉరి వారం వాయిదా వేశారో ఆమెకు అర్థం కాలేదు.

ఆ వారమంతా భయంగానే చదివింది. పెల్టియర్ కూడా వంతు వచ్చినప్పుడు లేచి చదివాడు. శుక్రవారం రైమర్ ఒక్కటే అడిగింది: "ఆ గొలుసు మీద తుండుగుడ్డ ఎందుకు?"

"ఆవిడకు అది గొలుసు కాదండీ. మేకుకు తగిలించిన తాడు."

"పేజీ?"

డార్లా చూడకుండానే పుస్తకం తెరిచి వేలు పెట్టింది. అక్కడే ఉంది. డీన్ గారు సంతకం పెట్టారు. చీజ్ ఫ్యాక్టరీలో ఆ చోటు ఇంకెవరికో ఇచ్చారు. కానీ ఆ పిల్ల ఆ తరవాత రెండేళ్ళూ ఏ మాట చెప్పబోయినా ముందు పేజీమీద వేలు పెట్టుకునేది. అది నేను కళ్ళారా చూశాను.

ఇక నా సంగతి. పదకొండు వేల పుస్తకాలూ చదివానన్నాను కదూ? దుమ్ము దులిపానండీ, అట్టమీది పేర్లు చదివాను. ఎర్ర అట్టలైతే అవి కూడా చదవలేదు, ఎరుపుమీద అక్షరాలు నా కంటికి ఆనవు. మిగతా కథ మాత్రం జాలీ సాక్షిగా నిజం, ఒక్కటి తప్ప. రైమర్ గారు తలుపు కింద నీడ చూడలేదు. చూడ్డానికి వీల్లేదు, ఆ తలుపు కింద చలిగాలి రాకుండా గుడ్డ కుక్కింది నేనే. ఆ వారం రసాయన శాస్త్రం భవనం ఊడ్చే మనిషికి ఒంట్లో బాగోక అక్కడికి నన్ను పంపారు. అసలు జరిగిందల్లా, ఆవిడ ఆ పిల్ల మొహంకేసి చాలాసేపు చూసి ఊరుకుంది, అంతే. మంగళవారం నాలుగింటికి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉన్న ఆ పిల్లను చూసింది, నడవా చివర చీపురు పట్టుకుని నిలబడ్డ నేనొక్కణ్ణే.