ఫిలిస్ ఎవరి వంతు

అబిగేల్ మీద దేవిశ్రీకి కోపం ఉండేది కాదు. కోపమైతే ఎప్పుడో ఒకనాడు చల్లారేది. వంటింట్లో అబిగేల్ కూనిరాగం తీస్తూ కోడిగుడ్డు కొడితే, ఆ రాగం తనకు రాదే అని దేవిశ్రీకి లోపల చురుక్కుమనేది. పాటలంటే ఆమెకు ఎన్నడూ ఇష్టం లేదు. అయినా చురుక్కుమనేది.

ఇద్దరూ లండన్‌లో చరిత్ర ఎం.ఏ. చేస్తున్నారు. 2023లో ఆ ఊళ్లో ఏ బస్సెక్కినా వెనక సీట్లలో తెలుగే వినబడేది. కాఫీ షాపులో పార్ట్‌టైమ్ ఉందని తెలిస్తే చాలు, రోడ్డు మలుపు దాకా మన పిల్లలే లైనులో ఉండేవాళ్లు. దేవిశ్రీది జగిత్యాల దగ్గర పల్లె. అబిగేల్‌ది అమలాపురం, తండ్రి పాస్టరు. వాళ్లున్న ఇంటినిండా స్టూడెంట్లే అయినా, చదువుకు తగ్గ పని దొరికింది వీళ్లిద్దరికే. పాత అమెరికన్ కోర్టు కాగితాల ఫొటోలు చూసి ప్రొఫెసర్ కోట్స్‌కి టైపు చేసిపెట్టాలి. అబిగేలే ఆ పని సంపాదించుకుని, మా రూమ్మేట్‌ని కూడా తీసుకోండని మేడమ్‌ని అడిగింది. ఆ మేలు దేవిశ్రీ ఒక్కరోజు కూడా మరచిపోలేదు. మరచిపోగలిగితే హాయిగా ఉండేది.

సెప్టెంబరు నుంచి ఒక్కరినే ఉంచుకోగలనని ప్రొఫెసర్ ముందే చెప్పారు. రెండో మనిషి ఊరి బయట చికెన్ ప్యాక్ చేసే గోడౌనుకి పోవాల్సిందే. దేవిశ్రీ అక్కడ ఒక చలికాలమంతా చేసింది. ఇంటికొచ్చాక కూడా వేళ్లు చలికి మొద్దుబారి తనవి కానట్టుండేవి.

పనికి ఒక పద్ధతి ఉంది. ఒకే కాగితాన్ని ఇద్దరూ విడివిడిగా టైపు చేయాలి, ఒకరిది ఒకరు చూడకూడదు. ప్రొఫెసర్ రెండూ పక్కపక్కన పెట్టి తేడాలు వెతుకుతారు. దేవిశ్రీ పేజీల్లో తప్పనేది దొరికేది కాదు. అబిగేల్ చదువుతూ చదువుతూ ఆలోచనలో పడి పదాలు వదిలేసేది. అయినా ప్రొఫెసర్ తల తిప్పి "నువ్వేమంటావు?" అని అడిగేది అబిగేల్‌నే.

ఆ నెల వచ్చిన కాగితాలు వర్జీనియాలో అక్కాచెల్లెళ్ల దావా. పెద్దకూతురు హానా పెళ్లినాడు తండ్రి ఫిలిస్ అనే బానిస పిల్లను ఆమె వెంట పంపాడు. అంతా నోటిమాటే. ఏళ్లు గడిచాయి, ఫిలిస్ పిల్లలతల్లి అయింది. తండ్రి పోయాక వీలునామా విప్పితే ఫిలిస్‌నీ ఆమె పిల్లల్నీ చిన్నకూతురు మార్తాకి రాసి ఉంది. ఇచ్చేశాడని అక్క, వాడుకోమని పంపాడంతేనని చెల్లెలు కోర్టుకెక్కారు. ఇరుగుపొరుగు వచ్చి సాక్ష్యాలు చెప్పారు. ఫిలిస్‌ని ఎవరూ అడగలేదు. తెల్లవాళ్ల దావాలో బానిస సాక్ష్యం చెల్లదు.

"నువ్వు అక్క పార్టీయా, చెల్లి పార్టీయా?" అని అబిగేల్ పెనం ముందు నిలబడి అడిగింది.

"ఏ పార్టీ కాదు. టైప్ చేస్తున్న, అంతే. దాని గురించి మాట్లాడుకోవద్దన్నరు కదా మేడమ్."

"అబ్బో, రూల్స్ రాణిగారు. గుడ్డు తినొచ్చా మరి, దానికీ రూలుందా?"

తనది చెల్లి పార్టీయేనని దేవిశ్రీకి మొదటి పేజీలోనే తెలిసిపోయింది. మార్తా ఇంట్లో పనిచేసే చేతులకు కొదవ లేదు. ఫిలిస్ ఆమెకు అక్కర్లేదు. అక్క వాకిట్లో ఫిలిస్ కనబడకూడదు, అదీ సంగతి. ఎన్నడో చచ్చిపోయిన ఒక తెల్లావిడ మనసు తనకింత సులువుగా అర్థమైనందుకు దేవిశ్రీకి సిగ్గేసింది. ఆ సిగ్గు లోపల కాస్త గర్వం కూడా ఉంది.

ప్రొఫెసర్ గదిలో దావా గురించి చెప్పమన్నప్పుడు ఈసారి దేవిశ్రీయే ముందు అందుకుంది. తన తల్లి పెళ్లికి తాత కాలువ కింద పొలం పసుపుకుంకుమ కింద ఇచ్చాడని, కాగితం లేదని, తాత పోయాక చిన్నమ్మ దావా వేసిందని చెప్పింది. ఊరివాళ్లు కోర్టుకు వచ్చి, ఇచ్చాడని కొందరు, పండించుకోమన్నాడంతేనని కొందరు చెప్పారు. అచ్చం ఇదే దావా అంది. ప్రొఫెసర్ పెన్ను కదలడం మొదలైంది. ఆ పెన్ను తన మాటల వెంట పరుగెత్తడం దేవిశ్రీ ఇన్నాళ్లలో చూడలేదు. ఒళ్లు తేలికైపోయింది.

అప్పుడు పక్కనుంచి అబిగేల్ తెలుగులో మెల్లగా అంది. "పొలానికి పిల్లలుండరు కదే, దేవీ."

"ఏమంటోంది?" అని ప్రొఫెసర్ అడిగారు.

అబిగేల్ కళ్లు చెమ్మగిల్లి ఉన్నాయి. నువ్వే చెప్పమన్నట్టు దేవిశ్రీవైపు చెయ్యి ఊపింది. ప్రొఫెసర్ ముందు తన పోలికను తప్పుపట్టడం ఇష్టంలేకే తెలుగులో అన్నదని దేవిశ్రీకి తెలుసు. ఆ మర్యాదే ఆమెను మండించింది.

"నేను చెప్పబోయేది కూడా అదే," అని దేవిశ్రీ ఇంగ్లిష్‌లో అంది. "పోలిక ఇక్కడ తెగిపోతుంది. పొలానికి పిల్లలుండరు. ఎవరి వంతుకు వెళ్లినా అది ఎవరినీ పోగొట్టుకోదు. అబిగేల్ కూడా ఒప్పుకుంటోంది."

ప్రొఫెసర్ పెన్ను ఆపి, కళ్లజోడు తీసి, పూర్తిగా దేవిశ్రీవైపు తిరిగారు.

బస్సులో అబిగేల్ కిటికీవైపు కూర్చుంది. రెండు స్టాపులు దాటాక "బాగా చెప్పావే" అంది.

"నీ మాటే కదా. కోపం రాలేదా?"

"మాటదేముంది? ఆవిడకి చేరింది కదా."

చెంపమీద కొట్టి ఉంటే దేవిశ్రీ ప్రాణం కుదుటపడేది.

వారం తిరక్కుండా పని దేవిశ్రీకే ఖాయమైంది. పొలం గురించిన ఆ వాక్యాన్ని పెంచి నాలుగు పేజీలు రాసి తెమ్మన్నారు ప్రొఫెసర్, వచ్చే డిపార్టుమెంటు మీటింగులో చదవాలట. దేవిశ్రీ వాక్యం టైపు చేసింది. దాని తర్వాతి వాక్యం రాలేదు. మార్తా గురించి ఎన్ని పేజీలైనా రాయగలదు. పిల్లల దగ్గరికొచ్చేసరికి చెయ్యి ఆగిపోతోంది.

ఆదివారం మధ్యాహ్నం చర్చి నుంచి వచ్చిన అబిగేల్ మంచం మీద కూర్చుని గోడౌను బూట్లు తొడుక్కుంటోంది. దేవిశ్రీ తలుపు దగ్గర నిలబడింది.

"పిల్లల సంగతి నీకెట్ల తట్టింది?"

"తట్టడమేంటే? నువ్వూ టైప్ చేశావుగా. ఉప్పు అడగడానికి హానా ఇంటికెళ్లిన పక్కింటావిడ సాక్ష్యం. మార్తా బండి ముందుగా పిల్లల్ని ఎక్కించుకోడానికొచ్చిన రోజు ఆవిడ అక్కడే ఉందట. ఫిలిస్ చిన్నపిల్లని తన నడుముకి కట్టేసుకుందట, ఏప్రాన్ తాడుతో. ముడి మీద ముడి..." అబిగేల్ ఆగింది. ఊపిరి తీసుకుంది. "విప్పడానికి పొద్దుగూకిందట. ఇంతా చేసి కోర్టేమంది? దావా తెగడం లేదు గనక తల్లీపిల్లలందర్నీ వేలం వేసి డబ్బు చెరిసగం తీసుకోండి అంది."

దేవిశ్రీకి ఆ పేజీ గుర్తొచ్చింది. ఏప్రాన్, తాడు, ముడి, అన్నీ టైపు చేసింది. ఒక్క అక్షరం తప్పు లేదు. ప్రొఫెసర్ దాని పక్కన టిక్కు పెట్టారు కూడా.

బాధ కలుగుతుందేమోనని ఒక క్షణం ఎదురుచూసింది. మనసు ఫిలిస్ దగ్గరికి పోలేదు. ముడి అన్నచోట అబిగేల్ గొంతు దిగిన తీరు, ఆ తర్వాతి నిశ్శబ్దం, వాటి చుట్టూనే తిరుగుతోంది. మీటింగులో అక్కడ తనూ అట్లాగే ఆగాలి.

"ఇంకోసారి చెప్పవా, అబీ?"

"ఏది?"

"ముడి దగ్గర్నుంచి."

అబిగేల్ ఆమె ముఖంలోకి చూసి, దుఃఖమనుకుంది. బస్సుకు టైమవుతున్నా బూటు వదిలేసి, ఆమె చెయ్యి పట్టుకుని పక్కన కూర్చోబెట్టుకుంది. మళ్లీ మొదలుపెట్టింది. దేవిశ్రీ ఆమె పెదాలనే చూస్తూ వింది.